పర్శరాములు మళ్లీ చెట్టెక్కిన తీరు

పర్శరాములు తాటిచెట్టు ఎక్కుతుంటే కింద నిలబడ్డవాళ్లకు అదొక కష్టమైన పనిలా కనిపించేది కాదు. చెట్టునూ తన నడుమునూ కలిపి చుట్టిన తోలు మోకును రెండు చేతులా ఎగరేసి పైకి తగిలించడం, పాదాలు దగ్గరికి లాక్కోవడం, మళ్లీ మోకు ఎగరేయడం. కిందివాళ్లు మాటల్లో ఉండగానే మట్టల దాకా చేరేవాడు. కొండగట్టుకు బస్సులో గంట దూరమున్న ఆ ఊళ్లో కల్లుగీత పని చేసే ఇళ్లు చాలానే ఉన్నా, వంపు తిరిగిన చెట్టో వానకు నానిన చెట్టో ఎదురైతే అందరూ పర్శరాములు వైపే చూసేవారు. మీసం రాకముందు మొదలుపెట్టిన పని. నలభై దాటేసరికి అరచేతులు మొద్దుబారాయి, రొమ్ము మీద చెట్టు గీరిన మచ్చలు నల్లబడ్డాయి. కల్లు పంచేటప్పుడు ఎవరినీ తక్కువ చేసేవాడు కాదు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడేవాడు కాదు. అందుకే ఆయనంటే ఊరికి ఒక రకమైన భరోసా.

ఆ భరోసా ఒక్క పొద్దులో కూలిపోయింది.

మల్లేష్ పర్శరాములుకు బామ్మర్ది, భార్య మంజులకు సొంత తమ్ముడు. అతనికి మోకు కట్టడం నేర్పింది పర్శరాములే. ఆ పొద్దున ఇద్దరూ పక్కపక్క చెట్ల మీద ఉన్నారు. పర్శరాములు వంగి గెల చెక్కుతున్నాడు. పక్క చెట్టు మీంచి ఏదో పట్టుమని తెగిన చప్పుడు వినిపించింది. తల తిప్పి చూసేసరికి మల్లేష్ అక్కడ లేడు. కింద నేల అదిరినట్టయింది. తను చెట్టు ఎట్లా దిగాడో పర్శరాములుకు ఇప్పటికీ గుర్తులేదు. రొమ్మంతా చీరుకుపోయి రక్తం కారుతున్న సంగతి కూడా అంబులెన్సు వచ్చాక ఎవరో చెబితేనే తెలిసింది.

మల్లేష్ బతికాడు. వెన్నుపూస దెబ్బతింది. నడుము కింది నుంచి ఒళ్లు తెలియకుండా పోయింది.

పర్శరాములు కొన్నాళ్లు ఆగి, గుండె చిక్కబట్టుకుని మళ్లీ తాటివనానికి పోయాడు. ఎక్కడం మొదలుపెట్టాడు. సగం చెట్టు దాకా బాగానే పోయాడు. అక్కడ ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంది. అరచేతులకు చెమట పట్టింది. కళ్ల ముందు మట్టలు తిరిగాయి. మోకు వదిలేసి రెండు చేతులతో చెట్టును కావలించుకుని అట్లాగే ఉండిపోయాడు.

కింద ఉన్న సిద్దిరాములు, ఆ వనంలో అందరికన్నా పెద్ద గీతకాడు, సంగతి కనిపెట్టాడు.

"పర్శరాములూ, నా మాట ఇనవడుతుందా? కిందికి సూడకు. ఒక్క కాలు జర కిందికి దించు బిడ్డా... గంతే... ఇంకోటి..."

చంటిపిల్లను నడిపించినట్టు ఆ ముసలాయన మాటలతోనే కిందికి దించాడు. నేల తాకగానే పర్శరాములు చెట్టు మొదట్లో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ తర్వాత ఆయన మోకు ఇంట్లో కొయ్యకు వేలాడింది.

చెట్టెక్కకపోతే భయం పోతుందనుకున్నాడు. పోలేదు, ఇంట్లోకి వచ్చి కూర్చుంది. గిన్నె కింద పడితే ఉలిక్కిపడేవాడు. ట్రాక్టర్ మీంచి బస్తా దింపిన చప్పుడుకు చెమటలు పట్టేవి. అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ కలుపుతూ ఎటో పోయేవాడు. 'ముందురోజు వాని మోకు నేనొకసారి చూసుంటే? ఆ చెట్టు నేనే ఎక్కి వాణ్ని ఈ చెట్టు ఎక్కమంటే?' ఈ ప్రశ్నలు రోట్లో పచ్చడిలా బుర్రలో నలుగుతూనే ఉండేవి. మనిషి సగమయ్యాడు. అన్నిటికన్నా మంజులను కోసేసిన సంగతి ఒకటుంది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మల్లేష్‌ను చూడటానికి ఆయన ఒక్కసారి కూడా పోలేదు. పోదామని బయలుదేరేవాడు, ఆ వీధి మలుపు దాకా పోయి తిరిగి వచ్చేవాడు.

"వాడు నా తమ్ముడు. నీ కండ్ల ముంగట పెరిగినోడు. నువ్వు పోకపోతే వానికి ఎట్లుంటది?" అని మంజుల ఒకనాడు నిలదీసింది.

"నాకు తెల్వదా మంజులా? కాళ్లు రాకపాయె. ఏం జెయ్యాలె?"

ఆ మాటలో ఆయన గొంతు విన్నాక మంజులకు కోపం కన్నా భయం ఎక్కువైంది.

గాలి సోకిందన్నారు కొందరు. పెద్దవాళ్ల మాట కాదనలేక మంజుల ఆయన్ను కొండగట్టు హనుమంతుడి గుడికి తీసుకుపోయింది. మనసు చెదిరినవాళ్లను అంజన్న సన్నిధిలో ఉంచడం ఆ ప్రాంతంలో పాత అలవాటు. కొన్ని రోజులున్నారు. గుడి చుట్టూ తిరుగుతున్నంతసేపూ పర్శరాములుకు హాయిగానే ఉండేది. తనలాగే దిగులుతో రంది పట్టినవాళ్లు ఇంతమంది ఉన్నారా అని మొదటిసారి తెలిసింది కూడా అక్కడే. ఇంటికి రాగానే మళ్లీ మామూలే. గుండె జబ్బేమోనని పట్నంలో పెద్దదవాఖానకు పోయారు. పరీక్షలన్నీ చేసిన డాక్టర్ గుండె నిమ్మళంగా ఉందని చెప్పి, కొన్ని మాత్రలు రాసి, పక్కగదిలో కౌన్సెలింగ్ చేసే మమతారాణి దగ్గరికి పంపాడు.

మమతారాణికి ముప్పయ్యేళ్లు ఉంటాయేమో. గోదావరిఖని వైపు సింగరేణి కుటుంబంలో పుట్టింది. మాట నెమ్మది. పర్శరాములు చెప్పిందంతా మధ్యలో అడ్డురాకుండా విన్నది. తర్వాత కళ్లు మూసుకుని ఊపిరి మీద మనసు పెట్టమన్నది. పర్శరాములు మూసుకున్నాడు. కళ్లు మూసీ మూయగానే ఖాళీ చెట్టు కనిపించింది, నేల అదిరిన చప్పుడు చెవుల్లో పడింది. కుర్చీ వెనక్కి తన్నేసి లేచాడు.

"మేడం, గిది నాతోని కాదు" అంటూ చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా బయటపడ్డాడు.

మళ్లీ పోయేవాడు కాదు. వారం తిరక్కుండా ఆమే మంజులకు ఫోన్ చేసింది. ఫోన్ ఆయనకు ఇమ్మన్నది.

"పర్శరాములన్నా, ఆ రోజు నేను తొందరపడ్డ. నీకు జరిగినసొంటిది జరిగినోళ్లకు కండ్లు మూసుకుంటే ఇంకా ఎక్కువైతది. కండ్లు తెరిచే చేద్దాం. ఒక్కసారి రా. కుదరకపోతే మళ్ల రమ్మని అడుగ."

చదువుకున్న మనిషి తన తొందరపాటును తానే ఒప్పుకోవడం పర్శరాములుకు వింతగా తోచింది. ఆ మర్యాద కోసమైనా పోవాలనిపించింది.

ఈసారి ఆమె ఆయన్ను గదిలో కూర్చోబెట్టలేదు. బయట వేపచెట్టు నీడలోకి తీసుకుపోయి చెప్పులు విప్పి నిలబడమన్నది. నేల ఎట్లా ఉందో చెప్పమన్నది.

"సల్లగున్నది మేడం. మడిమకాడ రాయి కుచ్చుకుంటుంది."

"మంచిగ చెప్పినవ్. ఇప్పుడు మనసు ఏడున్నది?"

పర్శరాములు ఒక క్షణం ఆలోచించాడు. "రాయికాడ ఉన్నది" అన్నాడు. ఎన్నో రోజుల తర్వాత ఆయన మొహంలో ఒక చిన్న నవ్వు కదిలింది.

"చూడన్నా, మనం రంది అంటం గదా. పానం ఈడుంటది, మనసు అయిపోయిన దినం కాడికో రాని దినం కాడికో పోయి కూసుంటది. అట్ల పోయిందని నువ్వు ఎరుకవట్టాలె. పట్టి, తిట్టకుండ కొట్టకుండ మళ్ల ఈడికి తోలుకరావాలె. పాదాలకాడికి, ఊపిరికాడికి, చేతుల ఏ పని ఉంటే దాని కాడికి."

"మా బాపు చెప్తుండె మేడం. చెట్టు మీద ఇల్లు యాదికి రావద్దు, ఇంట్ల చెట్టు యాదికి రావద్దు అని."

"మీ బాపు మాట మంచిది. కాకపోతే నేను జర వేరే చెప్త. యాదికి రావద్దని అనుకుంటే ఇంకా వస్తది. రానియ్యి. వచ్చిందా, వచ్చిందను. దానితోని కొట్లాటకు పోకు. భయమైతే భయమైతుందను. మళ్ల పాదాలకాడికి రా. ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు రా. గదే పని."

మాత్రలు మానొద్దని, ఇది మంత్రం కాదని, మొదట్లో విసుగొస్తుందని కూడా చెప్పింది.

విసుగే వచ్చింది. పొద్దున మొహం కడుక్కుంటూ నీళ్ల చల్లదనం మీద మనసు పెట్టేవాడు. అది మొహం తుడుచుకునేలోగా వనానికి పారిపోయేది. చాయ్ గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఆవిరిని చూస్తూ ఉంటే మంజుల నవ్వేది.

"ఏంది, చాయ్ నీతోని ఏమన్న ముచ్చట వెడుతుందా?"

"పెడుతలేదు. జర ఊకో, ఇంటున్న."

నవ్విందే గానీ, ఆ నవ్వే ఇంట్లో చాన్నాళ్లకు పుట్టిన నవ్వు. కొన్నాళ్లకు తనూ గ్లాసు తెచ్చుకుని పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఇద్దరూ మాట్లాడకుండా చాయ్ తాగేవారు. తమ్ముడి మీద దిగులుతో ఆమెకూ నిద్ర సరిగా లేదని పర్శరాములుకు తెలిసింది ఆ రోజుల్లోనే. పక్కనే ఉన్న మనిషి కళ్ల కింద నల్లగా అయిన సంగతి అంతవరకు ఆయన చూడనేలేదు.

అంతా నేరుగా సాగలేదు. ఒకరోజు ఎదురింటి మీద పని చేస్తున్నవాళ్ల చేతిలోంచి ఇటుకల తట్ట జారి దబ్బున పడింది. పర్శరాములు గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు. ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని కుమిలిపోయాడు. ఆ వారం మమతారాణితో అదే చెప్పాడు.

"ఇంతకుముందు గట్లయితే ఎంతసేపు ఉంటుండె అన్నా?" అని ఆమె అడిగింది.

"దినమంత. తెల్లారి గూడ ఉంటుండె."

"మరి మొన్న?"

పర్శరాములు గుర్తు చేసుకున్నాడు. తట్ట పడింది పొద్దున. మధ్యాహ్నం బువ్వ తిన్నాడు. పచ్చిపులుసులో ఉప్పు తక్కువైందని మంజులతో అన్నాడు కూడా. ఉప్పు తక్కువైన సంగతి తెలిసిందంటే తను అక్కడే ఉన్నట్టే కదా. భయం వాన లాంటిదని, వచ్చినప్పుడు తడుస్తామని, అది కురిసి పోతుందని ఆయనకు అప్పుడు ఒంటికి అర్థమైంది.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా మల్లేష్ వీధిలోకి నడిచాడు. మలుపు దగ్గర ఎప్పటిలాగే కాళ్లు ఆగిపోయాయి. గుండె కొట్టుకుంది. 'వచ్చినవా' అని మనసులోనే భయాన్ని పలకరించాడు. కొంచెంసేపు అక్కడే నిలబడి, కాళ్ల కింద కంకర గుచ్చుకోవడం చూసుకుంటూ, మెల్లగా నడక సాగించాడు.

గుమ్మంలో మల్లేష్ భార్య వనజ బియ్యం ఏరుతూ కూర్చుంది. చాట పక్కన పెట్టి లేచింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రా అన్నా. లోపట ఉన్నడు" అని మాత్రం అన్నది.

మల్లేష్ మంచం మీద గోడ వైపు తిరిగి ఉన్నాడు. చెట్టంత మనిషి చిక్కి చువ్వలా అయ్యాడు. తల తిప్పి చూసి మళ్లీ గోడ వైపు తిప్పుకున్నాడు.

"ఇన్నొద్దులకు యాదికి వచ్చిన్నా?"

పర్శరాములుకు బయటికి పరుగెత్తాలనిపించింది. ఏదో ఒకటి చెప్పి, ఓదార్చి, లేచి పోవాలనిపించింది. ఆ రెండూ చేయలేదు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. అరచేతులు నేలకు ఆనించుకున్నాడు.

"యాదికి రాని దినం లేదు మల్లేషూ. మొకం సూపెట్ట శాతకాలే. మలుపు దాక వచ్చి మర్లిపోయిన."

వనజ తెచ్చిన చాయ్ చల్లారింది. చివరికి గోడ వైపు నుంచే మల్లేష్ గొంతు విప్పాడు. పగలంతా ఆ తెగిన చప్పుడే వినిపిస్తుందన్నాడు. తనను ఎత్తి కూర్చోబెట్టేటప్పుడు వనజ నడుము పట్టుకోవడం చూస్తే బతకాలనిపించదన్నాడు. పర్శరాములు ఆ మాటలన్నీ చివరిదాకా విన్నాడు. అన్నీ అయ్యాక బామ్మర్ది చేయి తన చేతిలోకి తీసుకున్నాడు. మల్లేష్ లాక్కోలేదు.

మర్నాటి నుంచి రోజూ పోయాడు. తను నేర్చుకున్నది చెప్పబోయి పాదాల సంగతి ఎత్తగానే మల్లేష్ కస్సుమన్నాడు.

"నాకు పాదాలున్న సంగతే తెలుస్తలేదు. నేనేం పట్టుకోవాలె బావా?"

తనకు తెలియదనే చెప్పాడు పర్శరాములు. ఆ వారం మమతారాణిని అడిగాడు. బతకాలనిపించదన్న మాట వినగానే ఆమె ఆ రోజే మల్లేష్‌కు ఫోన్ చేసింది, తర్వాత డాక్టర్‌ను వెంటబెట్టుకుని ఇంటికే వచ్చింది. మందులు మొదలయ్యాయి. చేతులు ఉన్నాయి, చెవులు ఉన్నాయి, నాలుక ఉంది, ఊపిరి ఉంది, ఏది దగ్గరగా అనిపిస్తే అక్కడి నుంచి మొదలుపెట్టమని చెప్పింది. ముంజల కాలం అది. సిద్దిరాములు కోసిచ్చిన ముంజలు పర్శరాములు తీసుకుపోయాడు. తోలు తీసిన ముంజను మల్లేష్ అరచేతిలో పెట్టి, "ఎట్లున్నది?" అని అడిగాడు.

"ఎట్లుంటది, సల్లగున్నది" అన్నాడు మల్లేష్ విసుగ్గా. కొరికాడు. నీళ్లు గడ్డం మీద కారాయి. ఇంకోటి ఇమ్మన్నాడు. మూడోది తింటూ, "ఇది తూర్పు గట్టు మీది చెట్టుది. ఆ చెట్టు కాయకే ఇంత తీపి" అన్నాడు. పడిపోయిన తర్వాత చెట్టు మాట అతని నోట రావడం అదే మొదలు. వనజ తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుంది.

చక్రాల కుర్చీ వచ్చాక వనానికి తీసుకుపొమ్మని మల్లేషే అడిగాడు. వనజ వద్దన్నది, మంజుల వద్దన్నది. పర్శరాములుకే ఆ అడగడం అర్థమైంది. గట్ల మీద కుర్చీ మోసుకుంటూ తీసుకుపోయారు. తను పడిన చెట్టు కింద మల్లేష్ చాలాసేపు ఉన్నాడు. ఏడ్చాడు. ఏడ్చి, మొహం తుడుచుకుని, గాలికి మట్టలు గలగలమనడం వింటూ కూర్చున్నాడు.

"బావా, నువ్వు ఎక్కవా ఇగ?"

ప్రభుత్వమిచ్చిన రక్షణ కిట్టు అప్పటికి వచ్చి ఉంది. మోకు తెగినా మనిషిని పట్టి ఉంచే బెల్టులు, తాళ్లు అందులో ఉన్నాయి. వాటిని వాడటం సిద్దిరాములు నేర్చుకున్నాడు. కొన్నాళ్లకు పర్శరాములు ఆ బెల్టు కట్టుకుని ఒక పొట్టి చెట్టు దగ్గర నిలబడ్డాడు. మల్లేష్ కుర్చీలో, సిద్దిరాములు చెట్టు మొదట్లో ఉన్నారు. ఎక్కడం మొదలుపెట్టాడు. సగం దాకా పోయేసరికి, అనుకున్నట్టే, గుండె దడదడమన్నది.

"బావా, జల్దేం లేదు. ఆడనే ఉండు" అన్నాడు మల్లేష్ కింద నుంచి.

పర్శరాములు ఆగాడు. చెట్టు బెరడు రొమ్ముకు గరుకుగా తగులుతోంది. అరికాలు కింద పట్టు గట్టిగా ఉంది. ఊపిరి పైపైన ఆడుతోంది. ఆడనిచ్చాడు. భయం పెరిగింది, పెరిగి ఒకచోట నిలిచింది, నిలిచి మెల్లగా తగ్గింది. తగ్గాక పైకి పోవచ్చు. అయినా ఆయన కిందికి దిగాడు.

"ఇయ్యాల్టికి ఇంత సాలు" అన్నాడు, సిగ్గుపడకుండా. ఆ మాట అనగలగడం చూసి సిద్దిరాములు భుజం తట్టాడు.

మట్టల దాకా చేరింది దసరా దాటాక. ఆ రోజు పైన కూర్చుని ఆయన పొద్దు పొడవడం చూశాడు. వరికోతకు వచ్చిన పొలాలు, వాటి మధ్య కాలువ, రోడ్డు మీద స్కూలు ఆటో. ఇన్నేళ్లుగా ఇంత ఎత్తున పని చేస్తూ ఇవన్నీ ఎప్పుడైనా చూశానా అనుకున్నాడు. కల్లు నిండిన లొట్టి దించుకుని వచ్చాడు. మొదటి గ్లాసు మల్లేష్‌కే పోశాడు.

ఇప్పుడు పర్శరాములు మునుపటిన్ని చెట్లు ఎక్కడు. చుట్టుపక్కల ఊళ్ల గీతకాళ్లకు రక్షణ కిట్టు వాడటం నేర్పుతాడు. బెల్టు బిగించే ముందు ప్రతి ఒక్కరినీ ఒక పక్కకు పిలిచి, "మనసు ఎట్లుంది ఇయ్యాల?" అని అడుగుతాడు. ఇంట్లో కొట్లాడి వచ్చినవాణ్ని, రాత్రి నిద్రలేనివాణ్ని ఎక్కనివ్వడు. మొదట్లో వెటకారం చేసినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు వాళ్లే, ఇవాళ నాకు బాగాలేదన్నా, రేపు ఎక్కుత, అని చెప్పి పోతున్నారు. మగవాళ్లు అట్లా చెప్పుకోవడం ఆ ఊళ్లలో అంతకుముందు లేని సంగతి. మల్లేష్ వనం పక్క పాకలో కల్లు అమ్మకం చూసుకుంటాడు. అతనికీ చెడ్డ రోజులున్నాయి. ఆ రోజుల్లో పాక తెరవడు, తెరవనందుకు తనను తాను తిట్టుకోడు.

మొన్నటి నెలలో మమతారాణి ఇద్దరినీ దవాఖానకు రమ్మని అడిగింది. చెన్నూరు వైపు నుంచి ఒకాయన వచ్చాడు, చెట్టు మీంచి పడి నడుము పోయినవాడు. ఎవరితోనూ పలకడం లేదు. అతని తల్లి కిష్టవ్వ వరండాలో తల పట్టుకుని కూర్చుంది. పర్శరాములు ఆమె పక్కన కూర్చున్నాడు. ఏం చెప్పలేదు, ఆమె చెప్పేది విన్నాడు. లోపల మల్లేష్ తన కుర్చీని ఆ మంచానికి ఆనించి ఆపాడు.

"అన్నా, మీ దిక్కు తాటిచెట్లా, ఈతచెట్లా?" అని అడిగాడు.

మల్లేష్ మళ్లీ అడగలేదు. కిటికీ అవతల రెక్కలు కొట్టుకుంటున్న పావురాలను చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి మంచం మీది మనిషి తల ఇటు తిప్పాడు.

"తాటిచెట్లే" అన్నాడు. "ఈతలు తక్కువ."

అక్కడి నుంచి మాట సాగింది. ఊరి బస్సు వేళయిందని పర్శరాములు గుమ్మంలోకి వచ్చి చూశాడు. ఇద్దరూ మోకుకు ఏ తోలు మంచిదో వాదులాడుకుంటున్నారు. ఆయన పిలవకుండానే వెనక్కి పోయి, కిష్టవ్వకు, తనకు చెరో చాయ్ తెచ్చుకున్నాడు. తర్వాతి బస్సుకు పోవచ్చనుకుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.